చుక్కకు తోక

అద్దాలాయన పార్కు గేటు దగ్గర ఆగి, చక్రాల బండి మీద కట్టిన టెలిస్కోపు గొట్టాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. తాళ్ళు బిగువుగానే ఉన్నాయి. ఇంటి నుంచి పార్కుకి రెండు వీధులే. ఆ సాయంత్రం మాత్రం ఆ రెండు వీధులూ రెండు ఊళ్ళంత పొడుగు సాగాయి. వెనక ఆయన భార్య చంకలో రెండు మడత కుర్చీలు, చేతిలో టీ ఫ్లాస్కు పట్టుకుని వస్తోంది. చుక్కలు చూసేవాళ్ళ దగ్గరికి ఆవిడ రావడం ఇదే మొదలు. రమ్మని ఆయన అనలేదు, వస్తానని ఆవిడా అనలేదు. ఆయన బండి బయటికి లాగేసరికి ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, అంతే.

ఎందుకొచ్చిందో ఆయనకి తెలుసు. మర్నాడు ఆదివారం, వెనక గది ఖాళీ కావాలి. ఆవిడ అక్కగారు మెట్ల మీద జారిపడి, తుంటి ఎముక విరిగి, నెల రోజులుగా ఆసుపత్రిలో ఉంది. సోమవారం పొద్దున్న పంపేస్తున్నారు. చూసుకునే దిక్కు చెల్లెలే. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. రెండో గదిలో ఏడాదిన్నరగా ఇసుక నింపిన ఇనప డ్రమ్ము ఒకటి, దాని మీద గాజు బిళ్ళ, గోడ పొడుగునా పొడుల సీసాలు కాపురం ఉన్నాయి. ఆ గదిలోనే ఆయన తన చేతులతో ఎనిమిది అంగుళాల టెలిస్కోపు అద్దం అరగదీశాడు. రెండుసార్లు పూర్తిచేశాడు. రెండుసార్లూ డాబా మీదికి తీసుకెళ్ళి చూస్తే చుక్క చుక్కలా లేదు, దానికి తోకుంది. మూడోసారి పాలిషు గురువారం ముగిసింది. ఈసారి కూడా తోక కనిపిస్తే నాలుగోసారి పట్టడానికి గది లేదు. గది ఉన్నా ఒంట్లో ఓపిక లేదు. ఏడాదిన్నర కష్టం గంగపాలో కాదో ఈ పూట తేలిపోవాలి.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్ఫై తొమ్మిదేళ్ళు ఒకే కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో, ఒకే బల్ల ముందు గడిచాయి. ముందు గదిలో దీపాలూ నిలువుటద్దాలూ ఉంటాయి, నవ్వుతూ ఫ్రేములు చూపించేవాళ్ళుంటారు. వెనక గదిలో నీళ్ళు కారే అరగదీత చక్రం, దాని ముందు స్టూలు, స్టూలు మీద ఈయన. వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు కూర్చోబెట్టి "ఎంత బాగుందో మీకు" అనేవాళ్ళని అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆ అద్దం అంచుని ఫ్రేములో అర వెంట్రుక సందు లేకుండా కూర్చోబెట్టినవాడు ఎవరికీ తెలియడు. దానికి ఆయన ఏనాడూ బాధపడలేదు. మాటలతో అమ్మేవాళ్ళు వస్తుంటారు, పోతుంటారు, చక్రం మాత్రం ఆగదు అనుకునేవాడు.

పని నేర్పింది దుకాణం పాత యజమాని, పెద్దాయన. నేర్పడమంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు. పక్కన నిలబడి చూడనిచ్చాడు, పాడైన అద్దాల డబ్బా ఇచ్చి చెడగొట్టుకోమన్నాడు. మిగతాదంతా ఈయన సొంతంగా పట్టుకున్నదే. చేరిన రెండో ఏడు ఒకావిడ వచ్చి, కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే మెట్లు ఒరిగినట్టు కనిపిస్తున్నాయంది. ఆవిడ వెళ్ళాక కుర్రతనం కొద్దీ ఈయన, ఆవిడ కళ్ళలోనే ఏదో ఉందన్నాడు. పెద్దాయన కోప్పడలేదు. అదే అద్దం మళ్ళీ చెయ్యమన్నాడు. చేశాడు. ఆవిడ మళ్ళీ వచ్చి, మెట్లు ఇంకా ఒరిగే ఉన్నాయంది. ఇంకోసారి చెయ్యమన్నాడు. మూడోసారి తెలిసింది, అద్దం మీద గుర్తు పెట్టే కలం ములుకు లావెక్కి ప్రతిసారీ గీత అయిదు డిగ్రీలు పక్కకి పడుతోందని. అప్పుడు పెద్దాయన ఒక్క మాటన్నాడు.

"తప్పు అద్దంలో వెతుకు నాయనా, కంట్లో వెతక్కు. కన్ను గిరాకీది. అద్దం నీది."

పెద్దాయన పోయి పదిహేనేళ్ళయింది. ఆ మాట మాత్రం ఈయన ఎముకల్లో ఉండిపోయింది. ఎవరు ఏ కళ్ళజోడు వెనక్కి తెచ్చినా మారు మాట్లాడకుండా తీసుకుని, తన పనిలో తప్పు వెతికేవాడు. నూటికి తొంభైసార్లు దొరికేది కూడా.

చుక్కల పిచ్చి ఎలా పట్టిందంటే, ఎవరో ఒకతను పాత దుర్భిణి గొట్టం ఒకటి బాగుచెయ్యమని దుకాణంలో ఇచ్చిపోయాడు. లోపలి కటకం ఊడి అడ్డంగా పడి ఉంది. సరిచేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని దుకాణం మెట్ల మీద నిలబడి, ఎదురుగా మెరుస్తున్నదేదో ఉంటే దాని వైపు తిప్పాడు. చిన్న పళ్ళెం, దాని పక్కన వరసగా నాలుగు ఆవగింజలు. అది గురుగ్రహమనీ, ఆ గింజలు దాని చందమామలనీ తర్వాత తెలిసింది. గొట్టం ఇచ్చినతను తిరిగి రాలేదు. మూడేళ్ళు బీరువాలో దాచి, ఇక రాడని రూఢి చేసుకున్నాక ఇంటికి పట్టుకెళ్ళాడు.

తర్వాత పార్కులో నెలకో శనివారం కూడే ఈ జనం పరిచయమయ్యారు. పట్టుమని పాతికమంది ఉండరు. పెద్ద దిక్కు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర కంప్యూటరు ఉన్న టెలిస్కోపు ఉంది; మీట నొక్కితే అదే తిరిగి గ్రహాన్ని వెతికి పెడుతుంది. మాస్టారు మంచివాడే, కాకపోతే నోటికి మూత లేదు. శనిగ్రహం చూడ్డానికి వరసలో నిలబడ్డవాళ్ళకి ముందు ముప్పావుగంట దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఈలోగా శని చెట్టు చాటుకి పోయేది.

పార్కువాళ్ళు నడిమి పచ్చికలో ఒక సిమెంటు దిమ్మె కట్టించారు, ఎప్పటికీ అక్కడే ఉండేలా ఒక టెలిస్కోపు పెట్టుకోమని. అద్దం నేను చేస్తానని అద్దాలాయన అన్నాడు. ఎప్పుడూ నోరెత్తని మనిషి ఆ ఒక్క మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఏడాదిన్నర కింద అన్నాడు. దిమ్మె మీద పిల్లలు కూర్చుని ఆడుకుంటున్నారు. పోయిన నెల మాస్టారు, ఎక్కడా ఆయన పేరెత్తకుండానే, చేత్తో చేసినదానికీ ఫ్యాక్టరీలో చేసినదానికీ ఉండే తేడా గురించి అరగంట మాట్లాడి, వచ్చే నెల చుక్కలు చూశాక, ఆ సోమవారం కల్లా పార్కు ఆఫీసుకి ఏదో ఒకటి చెప్పెయ్యాలని ముగించాడు. ఆ సోమవారం ఎల్లుండే.

అద్దం అరగదీయడమంటే చెప్పడానికి చాలా తేలిక. రెండు గాజు బిళ్ళలు, మధ్యలో గరుకు పొడి, నీళ్ళు. పై బిళ్ళని ముందుకీ వెనక్కీ తోస్తూ, డ్రమ్ము చుట్టూ అడుగులో అడుగేసుకుంటూ తిరగాలి. తిరగ్గా తిరగ్గా పై బిళ్ళ గుంటపడుతుంది. తర్వాత పొడి సన్నబడుతుంది, ఇంకా సన్నబడుతుంది, చివరికి తారు పరిచిన బిళ్ళ మీద పాలిషు. వెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే అందులో కొన్ని చీలికలంత తేడా ఉన్నా చుక్క చెదిరిపోతుంది. పగలంతా దుకాణంలో అరగదీసి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ అరగదీసేవాడు. భార్య అన్నం కంచం గుమ్మం దగ్గర పెట్టి, "గానుగెద్దుకైనా ఆదివారం గంతలు విప్పుతారండీ" అనేది. మొదట్లో అది హాస్యానికే అనేది. తర్వాత తర్వాత అనడం మానేసింది.

గదిలో పరీక్ష ప్రతిసారీ బాగానే వచ్చేది. సూది బెజ్జమంత దీపం, ఒక బ్లేడు, అద్దం మీద పడే నీడ. నీడ ఎక్కడా వంకర లేకుండా పొగలా పరుచుకునేది. ఆకాశంలోకి తిప్పేసరికి తోక. గది పరీక్షకి దొరకని తప్పేదో ఉందనుకున్నాడు. అలాంటి తప్పులుంటాయని పుస్తకంలో చదివాడు కూడా. మాస్టారి టెలిస్కోపులో చూస్తే శని గీసినట్టుండేది, తోకా లేదు, తొండమూ లేదు. మరింక తప్పెవరిది? మారు మాట్లాడకుండా అద్దం దించి మళ్ళీ డ్రమ్ము మీద పెట్టాడు. రెండోసారీ అంతే. ఎవరికీ చూపించలేదు. సగం పని పరాయివాళ్ళకి చూపించకూడదన్నది ఆయన సొంత నియమం.

ఈ పూట చూపించక తప్పదు.

ఏడున్నరకి కాపలాదారు వచ్చి నడకదారి దీపాలు ఆర్పేశాడు. నీళ్ళ గది దగ్గరి దీపం ఒకటి ఎప్పటిలాగే ఆరనని మొండికేస్తే, దానికి గోనెసంచి తొడిగారు. చీకటి కాస్త చిక్కబడింది. పచ్చిక తడిగా ఉంది. మాస్టారి దగ్గర అప్పుడే పది పన్నెండు మంది వరస కట్టారు. అద్దాలాయన వాళ్ళకి దూరంగా, దిమ్మె పక్కన బండి ఆపి, తాళ్ళు విప్పి, గొట్టాన్ని చెక్క పీఠం మీద నిలబెట్టాడు. అద్దానికి ఇంకా మెరుపు పూత వెయ్యలేదు. పూత లేని గాజులో బాగా మెరిసే నాలుగు చుక్కలు తప్ప ఏవీ కనిపించవు. తప్పొప్పులు తేల్చడానికి ఒక్క చుక్క చాలు. అద్దం బాగుందని తేలాకే పూత.

గొట్టం లోపలి గాలి చల్లబడే దాకా ఆగాలి. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. భార్య టీ పోసిచ్చింది. మాస్టారి గొంతు పచ్చిక దాటి వినిపిస్తోంది.

"ఏమిటంటున్నారాయన?" అంది ఆవిడ.

"శని గురించి."

"శని మనని వెతుక్కుంటూ రావడం విన్నాను గానీ, శనిని వెతుక్కుంటూ వరసలో నిలబడేవాళ్ళని ఇక్కడే చూస్తున్నాను" అంది. ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వడానికి ఓపిక చాలలేదు. మోకాళ్ళు లాగుతున్నాయి. భుజాల మధ్య ఏడాదిన్నరగా ఉన్న నొప్పి తన చోట తను సర్దుకుని కూర్చుంది.

ఎనిమిది దాటాక లేచాడు. నడినెత్తికి కాస్త తూర్పుగా తెల్లటి చుక్క ఒకటి బాగా వెలుగుతోంది. గొట్టం దాని వైపు తిప్పాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చుక్కలు చూసేవాళ్ళలో కళ్ళజోడున్న వాళ్ళందరికీ అదే అలవాటు. మర తిప్పుకుంటే ఎవరి చూపుకి తగ్గట్టు వాళ్ళకి కుదురుతుంది, జోడు దేనికి? ఐపీసు దగ్గర కుడి కన్ను పెట్టాడు. ఎడమ కన్నుకి ఇరవయ్యో ఏట గాజు పెళ్ళ తగిలి చూపు మందగించింది; ఏ పనికైనా కుడి కన్నే. మర మెల్లిగా తిప్పాడు. వెలుగు ముద్ద చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, చుక్క కాబోతూ ఆగిపోయింది.

తోకుంది. వెనకటి తోకే. కాస్త ఏటవాలుగా, పైకి కొంచెం, కిందికి ఎక్కువ, చెదిరిన దూదిపోగులా.

మరోసారి తిప్పాడు. ఇంకోసారి. ఆ తర్వాత తిప్పడం మానేశాడు. ఏడుపేమీ రాలేదు. పని పోయినప్పుడు వచ్చే కోపం కూడా రాలేదు. ఎక్కడైనా ఇంత చోటు దొరికితే పడుకుంటే బాగుండుననిపించింది.

"నన్నోసారి చూడనివ్వండి" అంది భార్య.

ఆయన పక్కకి జరిగాడు. ఆవిడ చీర చెంగు సర్దుకుని, వంగి, కాసేపు ఏమీ కనిపించడం లేదంది, తర్వాత ఉలిక్కిపడింది. చుక్కే కదా అంది. ఎలా ఉందని అడిగాడు. ఎలా ఉండటమేమిటి, చుక్కలాగే ఉంది, సూదితో పొడిచినట్టు అంది. ఏడాదిన్నర అన్నం కంచాలు గుమ్మం దగ్గర పెట్టిన మనిషి, మర్నాడు గది ఖాళీ చేయించబోతున్న మనిషి ఇంకేమంటుంది? జాలిపడి అన్నదనుకున్నాడు.

అంతలో టైలరమ్మ వచ్చింది. పార్కు వెనక వీధిలో కుట్టు మిషను పెట్టుకున్న మనిషి. మాస్టారి వరసలో నిలబడి నిలబడి కాళ్ళు పీకి, ఇటు వచ్చేసింది. ముక్కుసూటి మనిషి, ఎవరి జాకెట్టు బాగా లేకపోతే వాళ్ళ మొహం మీదే చెబుతుంది, అది తను కుట్టినదైనా సరే.

"ఏం అన్నయ్యా, తేలిందా మీ అద్దం సంగతి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తోక పోలేదమ్మా అన్నాడు. ఆవిడ వంగి కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. తోకెక్కడ అంది. ఏటవాలుగా ఉంటుంది చూడమన్నాడు. ఏటవాలుగా ఏమీ లేదంది. వెలుగు తక్కువ కదా, సరిగ్గా చూసి ఉండవన్నాడు. అక్కడికి ఆవిడకి రోషం వచ్చింది. నల్లగుడ్డ మీద నల్లదారంతో రాత్రి పూట కుట్టే కళ్ళివి, నాకు చూపు నేర్పొద్దు అంది.

ఆయనకి వాదించే శక్తి లేదు. ఆవిడ జరిగితే, ఎందుకో మరి, మళ్ళీ వంగాడు. మెడ పట్టేసింది. రోజంతా చక్రం మీద ఒంగిన మెడ. అటు వంచితే కలుక్కుమంది. అందుకని తలని రెండో వైపుకి, దాదాపు భుజం మీదికి వాల్చి, అలా వాలిన తలతోనే కన్ను పెట్టాడు.

తోక తిరిగింది.

ఇందాక కుడివైపుకి వాలి ఉన్న తోక ఇప్పుడు ఎడమవైపుకి వాలి ఉంది. గొట్టం కదల్లేదు, అద్దం కదల్లేదు, చుక్కా అక్కడే ఉంది. తల నిటారుగా పెట్టాడు. తోక కుడికొచ్చింది. తల వాల్చాడు. ఎడమకి పోయింది. కుక్క తోకలా తనతో పాటే ఊగుతోంది.

ముప్ఫై తొమ్మిదేళ్ళు కళ్ళజోళ్ళు చేసిన మనిషికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దంలో తప్పుంటే అద్దంతో తిరుగుతుంది. తలతో తిరిగితే అది తలలో ఉన్నట్టు. కన్ను ఒక పక్కకి ఒరిగి సాగింది. దుకాణంలో రోజుకి పదిమందికి సిలిండరు పవరని రాసేది ఆ వంకరకే. మర తిప్పితే దగ్గర చూపూ దూరపు చూపూ సర్దుకుంటాయి గానీ ఆ వంకర సర్దుకోదు. పగలు కంటిపాప చిన్నదై నడిమి భాగమే పనిచేస్తుంది గనుక పనిలో తెలియలేదు. మాస్టారి టెలిస్కోపులో పెద్ద పవరు పెడతారు, సన్నటి వెలుగు కంటి నడిమి నుంచే పోతుంది గనుక అక్కడా తెలియలేదు. చీకట్లో, పాప పూర్తిగా విచ్చుకున్నాక, తన దగ్గరున్న ఒకే ఒక్క తక్కువ పవరు ఐపీసులోంచి చూస్తేనే తోక. ఇదంతా ఆయనకి ఒక్క క్షణంలో వరసగా అర్థమైంది, చదివిన పాఠం ఎవరో గుర్తుచేసినట్టు.

అయినా నమ్మలేదు. తనకి ఇష్టమైన జవాబు దొరికితే దాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. టైలరమ్మని మళ్ళీ పిలిచి, చుక్క మీద నుంచి కన్ను తియ్యొద్దనీ, తను మర తిప్పుతుంటే వెలుగు ఎలా మారుతోందో ఉన్నదున్నట్టు చెప్పమనీ అడిగాడు. మర బయటికి తిప్పాడు.

"పెద్దదవుతోంది... గుండ్రంగా ఉంది. నడిమి నల్లటి బెజ్జం. చొక్కా గుండీ లేదూ, అచ్చం అలా."

"గుండ్రమేనా? కోడిగుడ్డులా సాగి ఉందా?"

"రోజుకి వంద గుండీలు కుట్టేదాన్ని, గుండీకీ గుడ్డుకీ తేడా తెలీదా?"

మర లోపలికి తిప్పాడు. గుండీ చిన్నదై, చుక్కై, మళ్ళీ పెద్దదైంది. అదే గుండీ, అదే బెజ్జం, ఏం తేడా లేదంది. రెండు వైపులా ఒకేలా గుండ్రంగా ఉంటే అద్దం బాగున్నట్టు; నడిమి బెజ్జం గొట్టంలోని చిన్న అద్దం నీడే. ఆయన మర మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

భార్య దగ్గరికొచ్చింది. "ఏమైందండీ?"

"అద్దం బానే ఉంది."

"మరి అలా కూర్చున్నారేం?"

"నా కన్నే వంకర."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. "పోయిన నెల పొద్దుగూకాక సూదిలో దారం ఎక్కించమంటే మూడుసార్లు పక్కన గుచ్చారు. అప్పుడే అనుకున్నాను" అంది.

"అనుకుంటే చెప్పొద్దూ?"

"ఊరందరికీ కళ్ళజోళ్ళు చేసే మనిషికి కళ్ళు బాలేవని నేను చెప్పనా?"

ఆవిడ అన్నదీ నిజమే. తొమ్మిదేళ్ళ కిందట చదువుకోడానికని తనకి తనే ఒక జత చేసుకున్నాడు. ఆ తర్వాత పరీక్ష కుర్చీలో కూర్చోలేదు. రోజూ ఆ కుర్చీ పక్కనుంచే నడిచి వెనక గదిలోకి పోతాడు.

మాస్టారు ఎలా పసిగట్టాడో, వరసని వదిలేసి ఇటు వచ్చాడు. ఇప్పుడు చెప్పాలి. చెబితే ఈ కబురు పార్కులో పదేళ్ళు తిరుగుతుంది. దుకాణానికి పాకితే ముందు గదివాళ్ళు ఇంకో పదేళ్ళు తిప్పుతారు. చెప్పకుండా, మూడోసారికి కుదిరిందండీ అనేస్తే సరిపోతుంది కూడా. అద్దాలాయనకి ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, పోయింది. అబద్ధం చెప్పి దాన్ని గుర్తుపెట్టుకోవాలంటే దానికీ ఓపిక కావాలి. ఉన్నదున్నట్టు, నాలుగు మాటల్లో చెప్పాడు.

మాస్టారు వంగి చూశాడు. మర తనే అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం అక్కడెవరూ ఎరగరు. లేచి, "చుక్క చుక్కలా ఉందండీ" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. ఆ ఖాళీలోకి టైలరమ్మ దూరింది.

"ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా అన్నయ్య చూడలేక అద్దం ఓడన్నాడు" అంది. అందరూ నవ్వారు. అద్దాలాయన కూడా, ఆ సాయంత్రం మొదటిసారి, కొంచెం నవ్వాడు.

మాస్టారు గొంతు తగ్గించి, "అయితే మొదటిసారే బాగుండి ఉంటుందా?" అని అడిగాడు.

దాని గురించే ఆయనా ఆలోచిస్తున్నాడు. మొదటిసారే బాగుండొచ్చు. లేని తప్పు కోసం రెండోసారి పట్టి చెడగొట్టి, మూడోసారి బాగుచేసి ఉండొచ్చు. ఏదీ తేల్చుకునే దారి లేదు. అరిగిపోయిన గాజు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పదు. ఆ సాయంత్రాలూ అంతే. తెలియదండీ అన్నాడు.

"ఆఫీసుకి ఏం రాయమంటారు మరి?"

"అద్దం అయిందని రాయండి. పూత వేయించి తెస్తాను."

పదింటికి కాపలాదారు దీపాలు వేసేశాడు. గొట్టం మళ్ళీ బండి మీద కట్టారు. ఈసారి తాళ్ళు భార్య కట్టింది. ఆయన బండి లాగాడు. ఎత్తు వచ్చిన చోట ఆవిడ వెనక నుంచి తోసింది.

ఆదివారం పొద్దున్న డ్రమ్ములో ఇసుక బక్కెట్లతో బయటికి మోశాడు. ముప్ఫై ఆరు బక్కెట్లు. పొడుల సీసాలు కడిగి ఎండలో బోర్లించాడు. నేల మీద డ్రమ్ము చుట్టూ ఆయన తిరిగిన చోట, పాదాలంత వెడల్పున ఒక గుండ్రటి జాడ నునుపుదేరి ఉంది. భార్య దాన్ని రెండుసార్లు తుడిచింది. పోలేదు. దాని మీదే మంచం వేశారు. అద్దాన్ని ఆవిడ పాత చీరలో చుట్టి, చెక్క పెట్టెలో పెట్టి, మంచం కిందికి తోసింది. పూత వేసేవాళ్ళకి పంపే దాకా అక్కడే దాని చోటు.

సోమవారం వదినగారిని ఇద్దరు మనుషులు కుర్చీతో సహా లోపలికి మోసుకొచ్చారు. ఆవిడని పడుకోబెట్టి ఆయన దుకాణానికి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ముందు గది ఖాళీ అయ్యాక, పరీక్ష చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఏమీ అనకుండా కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ మొదట కుర్చీ బాగుచేయడానికి వచ్చాడనుకుంది. తర్వాత దీపం ఆర్పి, ఒక్కొక్క అద్దం మార్చి, ఇదా, ఇదా అని అడిగింది. వేలమంది ఈ రెండు మాటలకి జవాబు చెప్పడం ఆయన వెనక గదిలోంచి విన్నాడు. జవాబు చెప్పడం ఇంత కష్టమని అనుకోలేదు. కుడి కంటికి సిలిండరు ఒకటిన్నర పైనే ఉందంది. శుక్లం పొర కూడా మొదలైంది, దానికింకా టైముందిలే, ఏడాదికోసారి చూపించుకోండి అంది. ఇన్నాళ్ళూ ఎలా పనిచేశారని అడిగింది. అలవాటండీ అన్నాడు.

దుకాణం మూసే వేళకి తన కళ్ళజోడు అద్దం పని తనే పట్టుకున్నాడు. ప్రతి జతకీ ఒక పని చీటీ రాయాలి. పేరు దగ్గర సొంతం అని రాశాడు. పవరు రాశాడు, వంకర ఎటు ఒరిగిందో చెప్పే యాక్సిస్ రాశాడు. ఫిర్యాదు అన్న గడి దగ్గర కాసేపు ఆగి, చుక్కకు తోక ఉంది అని రాశాడు. సన్నటి ములుకున్న కలంతో గీత పెట్టి, చక్రం తిప్పాడు. అంచు దాదాపు అయిపోయాక దీపానికి ఎత్తి చూస్తే, ఒక మూల ఆవగింజలో పదో వంతు పెచ్చు లేచి ఉంది. ఫ్రేములో పెడితే ఎవరికీ కనిపించదు. దాన్ని పాడైన అద్దాల డబ్బాలో వేసి, ఇంకో బిళ్ళ తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఇంటికి చేరేసరికి వెనక గదిలో దీపం ఆర్పేసి ఉంది. వదినగారు నిద్రపోతోంది. గుమ్మం దగ్గర అన్నం కంచం లేదు. వంటగదిలో, పీట ముందు, మూతపెట్టి ఉంది. ఆయన చప్పుడు కాకుండా చెప్పులు విప్పి, కొత్త జోడు తీసి జాగ్రత్తగా గూట్లో పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.